స్క్రిప్టులు, రూలరు ప్రమాణములు

ప్రశ్న: ఫోటోషాప్‌లో చిత్రముల వెడల్పును 800 పిక్సెళ్లకు మార్చుటకు నేను జావాస్క్రిప్ట్‌లో వ్రాసిన స్క్రిప్టు, మిత్రుని కంప్యూటరులో మహాపరిమాణమైన చిత్రమును కల్పింప యత్నించుచున్నది. కారణమేమి?

జవాబు: దోషము మీ గణనమున లేదు. ప్రమాణమును చేర్పక వట్టి సంఖ్యను మాత్రమే ఇచ్చినపుడు, ఫోటోషాప్ దానిని ఆ యంత్రమున రూలరునకు నిర్ణయింపబడిన ప్రమాణమును బట్టి గ్రహించును గనుక, మీ యొద్ద పిక్సెళ్లయిన 800, అంగుళములను ఎంచుకొనియున్న మిత్రుని యొద్ద 800 అంగుళములగుచున్నది. కావున ఆరంభముననే యాప్.ప్రిఫరెన్సెస్.రూలర్‌యూనిట్స్ యొక్క ప్రస్తుత విలువను ఒక చరరాశిలో భద్రపఱచి, పిదప దానికి యూనిట్స్.పిక్సెల్స్ అను విలువను ఒసంగి, పని ముగిసిన వెంటనే పూర్వపు విలువను మరల నెలకొల్పవలెను. అక్షరముల పరిమాణమునకు సంబంధించిన టైప్‌యూనిట్స్ విషయమునను ఇదియే విధి.

నడుమ లోపమేదైన సంభవించి స్క్రిప్టు ఆగిపోయినచో ఈ పునఃస్థాపన జరుగదు. అందుచే ప్రధానకార్యమును ట్రై భాగమునను, పునఃస్థాపనను ఫైనల్లీ భాగమునను ఉంచుడు. ఏలయన, ఈ అమరికలు తెఱచియున్న చిత్రమొక్కదానికి గాక యావత్తు సాఫ్ట్‌వేరునకు చెందినవి. స్క్రిప్టు ముగిసిన పిదపను అవి నిలిచియుండును. పరుల కొఱకు స్క్రిప్టు వ్రాయువారు వారి అమరికలను యథాతథముగ అప్పగించుట తమ ప్రథమధర్మమని భావింపవలెను.