పాఠం పుస్తకానిది, ఉదాహరణ మన ఇంటిది

ఆరేళ్ల బిడ్డకు ఇంట్లో లెక్కలు చెబుదామనుకోగానే మన కాళ్లు పుస్తకాల షాపు వైపు నడుస్తాయి. నావీ అటే నడిచాయి. రెండు నెలలు తిరిగేసరికి మా ఇంట్లో మూడు రకాల పుస్తకాలు, ఒక అబాకస్, గోడకు ఎక్కాల చార్టు చేరాయి. ఒక పుస్తకం పదో పేజీ దగ్గర ఆగింది, ఇంకోటి ఆరో పేజీ దగ్గర. సాయంత్రాలు ఒక కోచింగ్‌కు కూడా పంపాను. అక్కడ గడియారం ముందు పెట్టి కూడికలు చేయించేవారు. మూడో వారానికి పాప పలక తీస్తేనే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. నిజంగానే నొప్పి వచ్చేది.

అప్పుడు ఆగాను. "ఏ పుస్తకం మంచిది?" అని పదిమందిని అడిగిన నేను, నా బిడ్డకు ఇప్పుడు ఏం వచ్చో ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. మీరు ఆ తప్పు చేయకండి. పుస్తకం కొనేముందు ఒక వారం బిడ్డను చూడండి. ఎంతవరకు లెక్కపెడుతుంది? ఏడు గింజల కుప్పను చూసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుందా, ఏడు మీద నుంచి ఎనిమిది, తొమ్మిది అంటూ ముందుకు పోతుందా? రెండు కుప్పలు చూపిస్తే ఏది పెద్దదో లెక్కపెట్టకుండా చెప్పగలదా? ఇవి తెలిస్తే పుస్తకంలో ఏ పేజీ దగ్గర మొదలుపెట్టాలో తెలుస్తుంది.

నాకు ఆ సంగతి మా అమ్మ దగ్గర తెలిసింది. వాకిట్లో చేట ముందు పెట్టుకుని బుడ్డలు ఒలుస్తోంది. శనక్కాయల్ని మా వైపు బుడ్డలే అంటాం. పాప పోయి పక్కన చేరింది.

"పది కాయలు ఏరుకో. ఎన్ని గింజలొస్తాయో చెప్పు సూద్దాం," అంది అమ్మ.

పాప ఒక కాయ చిదిమి చూసింది. రెండు గింజలు. కాయలన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాని మీద వేలు రెండుసార్లు ఆనిస్తూ పోయి, "ఇరవై అవ్వా," అంది.

"ఒలిచి సూడు."

ఒలిచింది. పంతొమ్మిదే వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టింది. పంతొమ్మిదే. చేట ఎత్తి కింద వెతికింది, అవ్వ కొంగు దులిపింది, నా వైపు అనుమానంగా చూసింది. చివరికి డొప్పల మీదకు వంగి ఒక్కోటి తిరగేస్తూ పోయి, చిన్న డొప్ప ఒకటి పట్టుకుని అరిచింది: "దీంట్లో ఒగటే ఉన్నింది అవ్వా!"

ఆ పావుగంటలో అంచనా ఉంది, గుణకారం ఉంది, తేడా ఉంది, జవాబు కుదరకపోతే ఎక్కడ పోయిందో వెతికే ఓపిక ఉంది. నేను పలక తెచ్చాను. పాప పది కాయలు గీసింది, తొమ్మిదింటిలో రెండేసి చుక్కలు, ఒకదానిలో ఒక చుక్క పెట్టింది. దాని కింద 18, 1, 19 అని రాయించాను. ఆ రోజు కడుపునొప్పి రాలేదు.

మొదట చేయి, తర్వాత బొమ్మ, చివర అంకె. పుస్తకాన్ని పరీక్షించడానికి నాకు తెలిసిన గట్టి కొలత ఇదే. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో ఈ మూడు మెట్లనూ సిద్ధాంతంగా చెప్పాడు. 1980లలో సింగపూర్ తన ప్రాథమిక బడుల లెక్కల పుస్తకాలను వీటి మీదే కట్టుకుంది. తర్వాత ఆ పుస్తకాలు ప్రపంచమంతా తిరిగాయి, ఇంట్లో చదివించే తల్లిదండ్రులు ఎక్కువగా ఎంచుకునేవాటిలో ఇవీ చేరాయి. మీరు షాపులో ఏ పుస్తకం తెరిచినా మొదటి పదిహేను పేజీలు చూడండి. పట్టుకుని చేయాల్సిన పని ఉందా? దాని బొమ్మ ఉందా? ఆ తర్వాతే అంకె వస్తోందా? పేజీ నిండా ఖాళీ గడుల కూడికలే ఉంటే, ఎంత మెరిసే అట్ట ఉన్నా ఆరేళ్ల బిడ్డకు అది వద్దు.

ఇక ఏ పుస్తకం అనే మాట. తేల్చి చెబుతాను. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాన్ని వెన్నెముకగా పెట్టుకోండి. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు ద్విభాషల్లో వచ్చాయి: ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. ఇంగ్లీషు రాదని వెనకాడే తల్లికి ఇంతకంటే అండ ఇంకేముంటుంది? రెండో పుస్తకం కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి, రెండు తరగతులకు 2023లో తెచ్చిన 'జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్' చూడండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బొమ్మలు, ఆటలు బాగున్నాయి. ఈ రెండూ ఉంటే చాలు. ఒకటి పట్టుకున్నాక కనీసం ఆరు నెలలు వదలకండి. నెలకో పుస్తకం మార్చే ఇంట్లో బిడ్డకు మొదటి అధ్యాయమే పదిసార్లు వస్తుంది, చివరి అధ్యాయం ఎప్పటికీ రాదు.

అబాకస్, వేదగణితం చెడ్డవని అనను. అవి వేగం నేర్పుతాయి. పదులు, ఒకట్లు అంటే ఏమిటో బిడ్డ చేతికి తెలిశాక వేగం అక్కరకు వస్తుంది. అంతకుముందు వస్తే భయాన్ని తెస్తుంది. ఆ భయం మా ఇంట్లో చూశాను.

పేరున్న పద్ధతి కూడా ఒక్కోసారి ఎక్కడో ఒక ఇంట్లో ఒక బిడ్డ కోసమే పుడుతుంది. జపాన్‌లో తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల టీచరు 1954లో రెండో తరగతి చదివే కొడుకు కోసం తానే కాగితాల మీద లెక్కలు రాసి రోజూ కొన్ని చేయించాడు. ఇప్పుడు దేశదేశాల్లో నడుస్తున్న కుమోన్ పద్ధతి మొదలు అదే. అందులో నేను తీసుకున్నది ఆ తండ్రి చేసిన పని: కొడుకు ఎక్కడున్నాడో చూసి అక్కడికి సరిపోయే లెక్క రాయడం, రోజూ రాయడం.

మనకు అంతకంటే పాత వరవడి ఒకటి ఉంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత సారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మక్కికి మక్కి దించలేదు. తన పాఠకులకు తగినట్టు ఉదాహరణలు మార్చుకున్నాడు. వెయ్యేళ్ల కిందట ఒక తెలుగువాడు చేసిన ఆ పని ఈ రోజు మన ఎమ్మిగనూరులో ఒక తల్లి వంటింట్లో చేయగలదు. పుస్తకంలో ఆపిల్ పండ్లు, బెలూన్లు ఉంటాయి. పాఠం అదే ఉంచండి, ఆపిల్ పండ్లు తీసేయండి.

ఎమ్మిగనూరులో ఉదాహరణలకు కొదవేముంది? మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. నేత ఇంట్లో బిడ్డకు వరుసక్రమం అనే పాఠం మగ్గం మీదే ఉంది. చారల దుప్పటి ముందు కూర్చోబెట్టండి. నాలుగు ఎర్ర పోగులు, రెండు తెల్ల పోగులు, మళ్లీ నాలుగు ఎరుపు, రెండు తెలుపు. తర్వాత ఏ రంగు? ఐదు ఎర్ర చారలు పూర్తి కావాలంటే ఎర్ర పోగులు మొత్తం ఎన్ని? బుట్టలో కండెలు పదేసి కట్టలు కట్టమనండి. మూడు కట్టలు, పైన నాలుగు విడి కండెలు ఉంటే ముప్పై నాలుగు. పదులు, ఒకట్లు అంటే అంతే.

ఆదోని వైపు వాళ్లకు పత్తి ఉంది. మార్కెట్ యార్డుకు వచ్చే పత్తిని జిన్నింగ్ మిల్లు రెండుగా విడదీస్తుంది. క్వింటాల్ పత్తిలో దూది ఇంచుమించు మూడో వంతు, తక్కినదాంట్లో చాలామటుకు గింజలే. ఇంట్లో గుప్పెడు పత్తి తీసుకుని బిడ్డ చేత గింజలు ఏరించండి. చిన్న తక్కెడలో ఒక పక్క దూది, ఇంకో పక్క గింజలు వేయించండి. దూది కుప్ప పెద్దదిగా కనిపిస్తుంది, తక్కెడ మాత్రం గింజల వైపు మొగ్గుతుంది. కంటికి కనిపించే పరిమాణం వేరు, బరువు వేరు అని ఆ బిడ్డకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు. ఇక రోజువారీ పనుల్లో అయితే జొన్నరొట్టెను సగం చేసి, సగాన్ని మళ్లీ సగం చేస్తే పావు. అర, పావు, ముప్పావు అనే మాటలు బిడ్డ నోట ఆడాక భిన్నాల గీత చూసి ఎవరూ జడుసుకోరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బజారు లెక్క వచ్చినంత మాత్రాన కాగితం లెక్క దానంతట అదే వస్తుందనుకోకండి. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే 1400 మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2025లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. తూకం, ధర, చిల్లర నోటితో తేల్చేసే పిల్లలు అంతకన్నా సులువైన లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి పోయే పిల్లలకు కాగితం మీద వచ్చిన లెక్క బజారులో రాలేదు. రెండు ఒడ్లూ ఉన్నాయి, మధ్య వంతెన లేదు. ఇంట్లో చెప్పే తల్లిదండ్రుల అసలు పని ఆ వంతెన కట్టడమే. గింజలు లెక్కపెట్టిన రోజే దాన్ని పలక మీద రాయించండి. పలక మీద 13 - 5 చేసిన రోజే పదమూడు గింజలు తెచ్చి ఐదు తీయించండి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఒక్కరోజు కూడా ఒక ఒడ్డునే వదిలేయకండి.

ఏ భాషలో లెక్కపెట్టించాలి? మన ప్రాంతంలో ఇది నిజమైన చిక్కు. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి, బడిలో ఇంగ్లీషు. నా మాట వినండి: ఇంట్లో ఏ భాషలో అన్నం పెడతారో ఆ భాషలోనే మొదట లెక్కపెట్టించండి. ఇంగ్లీషులో ఫోర్టీన్ అనేటప్పుడు నాలుగు ముందు పలుకుతుంది, రాసేటప్పుడు ఒకటి ముందు వస్తుంది. పిల్లలు 14ను 41గా రాయడానికి అదొక కారణం. తెలుగులో పద్నాలుగు అన్నప్పుడు పది ముందే ఉంది. ఇరవై దాటాక మరీ తేట: ఇరవై మూడు అంటే ఇరవై, మూడు. కన్నడంలోనూ ఇంతే. ఉర్దూలో ఇరవై తొమ్మిదిని ఉన్‌తీస్ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. అది తెలిసిన బిడ్డకు తీసివేతలో ఒక మెట్టు ముందే ఎక్కినట్టు. ఇంటి భాషలో అర్థమయ్యాక ఇంగ్లీషు పేర్లు ద్విభాషా పుస్తకంలో ఎదురు పేజీ చూపిస్తే చాలు.

ఇప్పుడు మీ గురించి. "నాకు లెక్కలంటే భయం, చిన్నప్పటి నుంచీ రావు" అని బిడ్డ ముందు అనడం ఈ రోజుతో మానేయండి. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్కు దగ్గర కూర్చున్న ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లలో భయమూ పెరిగింది. దీనికి మందు మీరు పక్కకు తప్పుకోవడం అనుకోకండి. బిడ్డతోపాటు మీరూ ఒకటో తరగతి పుస్తకం మొదటి పేజీ నుంచి చేయండి. ముందురోజు రాత్రి ఒక పేజీ మీరు చేసి ఉంచుకోండి. తప్పు వస్తే బిడ్డ ముందే, "అరె, ఎక్కడ పోయింది? వెతుకుదాం పా" అనండి. బుడ్డల డొప్పలు తిరగేసినట్టు.

పూట ఒకటి ఖాయం చేయండి. ఆరేళ్ల బిడ్డకు రోజూ ఇరవై నిమిషాలు దండిగా సరిపోతుంది. ఇంకా చేస్తానంటున్నప్పుడే ఆపండి, మరుసటి రోజు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ఎంతవరకు రావాలో తెలియక కంగారు పడేవాళ్లకు, కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు దారి చూపిస్తాయి: ఒకటో తరగతి అయ్యేసరికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9999 వరకు అంకెలు చదవడం, రాయడం. పక్కింటి బిడ్డ ఎక్కాలు ఎన్ని వప్పజెప్పిందో అందులో లేదు, మీరూ పట్టించుకోవద్దు. బడి లేకుండా చదివించాలనుకునేవాళ్లు ముందుచూపుగా ఒకటి తెలుసుకోండి: జాతీయ సార్వత్రిక విద్యాలయం ద్వారా 14 ఏళ్లు నిండాక పదో తరగతి పరీక్ష రాయవచ్చు.

నా మనసులో ఎక్కువగా మెదిలేది మాత్రం సుగ్గికి పోయే ఇళ్లు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల నుంచి పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరుకూ తెలంగాణకూ కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పోతాయి. వీలైతే బిడ్డను సీజనల్ హాస్టల్‌లోనో అవ్వాతాతల దగ్గరో ఉంచి బడి సాగనివ్వండి. వెంట తీసుకుపోక తప్పదంటే మూటలో ఈ మూడూ పెట్టుకోండి: లెక్కల పుస్తకం, పలక, బలపాల పెట్టె. పొలంలో పని పెద్దవాళ్లది, బిడ్డది కాదు. రాత్రి గుడారంలో అన్నాలయ్యాక ఆనాటి కాటా లెక్క బిడ్డ ముందు పెట్టండి. అమ్మ ఎన్ని కిలోలు, నాయన ఎన్ని కిలోలు, రెండూ కలిపితే ఎంత, కిలోకు ఇంత చొప్పున కూలి ఎంత. చిన్నబిడ్డ అయితే కూడిక దాకా, మూడో తరగతి బిడ్డ అయితే గుణకారం దాకా. పలక మీద రాయించి, తేదీ వేయించి, వారం చివర ఏడు రోజులదీ కూడించండి. మేస్త్రి చెప్పే మొత్తం దానితో కలిసిందో లేదో బిడ్డనే చూసి చెప్పమనండి.