ప్రళయకావేరి తీరం

వడమాలపేట సముద్రానికి దూరంగా, కొండల నడుమ ఉన్న ప్రాంతం. తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నైకి పోయే రహదారి ఈ ఊరిని తాకుతూ సాగుతుంది. పూర్వపు చిత్తూరు జిల్లాకు అసలు సముద్రతీరమే లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, శ్రీహరికోట, దుగరాజపట్నం ఈ ప్రాంతంతో పాటు ఒకే జిల్లాలోకి వచ్చాయి. పరిపాలన రీత్యా ఇది కొత్త బంధమే. నదుల రీత్యా, చరిత్ర రీత్యా మాత్రం చాలా పాతది. ఈ మెట్ట ప్రాంతపు కొండవాగులను కలుపుకొని, నారాయణవనం ప్రక్కన అరుణానదిగా పేరు పొందిన ఆరణియారు, పిచ్చాటూరు జలాశయాన్ని దాటి తమిళనాడులో ప్రవేశించి, చివరకు పులికాటు సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సు ఒడ్డున ఐరోపా వర్తకులు కోటలు కట్టుకోవడానికి అనుమతులు లభించినది కూడా చంద్రగిరి ప్రభువుల నుండే.

వడమాలపేట నుండి రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సూళ్లూరుపేట చేరడానికి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించాలి. నాయుడుపేట దాటిన తర్వాత నేల స్వభావం మారిపోతుంది. కొండలు వెనుకబడతాయి, చవిటి నేలలు, తాటిచెట్లు, ఉప్పుగాలి ఎదురవుతాయి. దారికి చేరువలో నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉంది. అక్కడి చెరువులోని నీటికడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పైరుకు బలమని గ్రామస్థులు చాలాకాలంగా నమ్ముతున్నారు. అందువల్ల ప్రభుత్వం రక్షిత కేంద్రంగా ప్రకటించకముందే ఆ పక్షులకు అక్కడ రక్షణ లభించింది.

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే దారి సరస్సు మధ్యగా వేసిన కట్ట మీద సాగుతుంది. ఇరువైపులా కనుచూపు మేర నీరే. శీతకాలంలో ఆ నీటిలో పొడవాటి కాళ్లతో, గులాబిరంగు రెక్కలతో ఫ్లెమింగోలు బారులు తీరి మేత వెదకుతూ ఉంటాయి. తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకొన్న పులికాటు సరస్సు ఇదే. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. దీనిలో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొన తమిళనాడులోను ఉన్నాయి. పేరు వింటే భయం కలుగుతుంది గాని, దీని సగటు లోతు ఒక మీటరు మాత్రమే. అయినా తక్కువ లోతు గల ఈ నీటినే నమ్ముకొని వేలాది కుటుంబాలు జీవిస్తున్నాయి. సరస్సులోని ఇరకం, వేనాడు దీవుల జీవితం ఈ నీటి చుట్టూ అల్లుకొన్నదే. ఇరకం వాసులకు పడవే బండి. స.వెం. రమేశ్ రచించిన 'ప్రళయకావేరి కథలు' అనే పుస్తకం ఈ దీవుల తెలుగువారి జీవితాన్ని, వారి మాటతీరును సాహిత్యానికి ఎక్కించింది.

సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ అడ్డుగోడవలె నిలిచిన పొడవైన ఇసుకదీవి శ్రీహరికోట. ఒకప్పుడు ఇది దట్టమైన అడవి. ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ పడవల మీద మద్రాసు చేరి ఆ నగరపు పొయ్యిలను వెలిగించేవి. ఆ అడవిలో చేపలు పట్టుకొంటూ, తేనె, దుంపలు, మూలికలు సేకరిస్తూ యానాదులు జీవించేవారు. 1969లో ఈ దీవి రాకెట్ కేంద్రానికి ఎంపికైంది. తూర్పున విశాలమైన సముద్రం ఉండడం, భూభ్రమణ వేగం తోడయ్యేలా రాకెట్లను తూర్పుదిశగా ప్రయోగించే వీలు కలగడం, జనసంఖ్య తక్కువ కావడం దీనికి కారణాలు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ప్రయోగాలు మొదలైనాయి. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2023 జూలై 14న చంద్రయాన్-3 చంద్రుని వైపు బయలుదేరినది ఇక్కడి నుండే. జనం తక్కువ అన్న మాటకు జనం లేరని అర్థం కాదు. ఆ తక్కువ జనంలో యానాదులు ఉన్నారు. కేంద్రం కోసం వారు తమ అడవి నివాసాలను విడిచి పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చింది. శ్రీహరికోట ఘనతను వర్ణించేవారు ఈ సంగతిని తరచుగా విస్మరిస్తారు.

శ్రీహరికోటకు ఉత్తరాన, వాకాడు మండలంలో తూపిలిపాలెం, దుగరాజపట్నం ఉన్నాయి. సరుగుడు తోపులు, తెల్లని ఇసుక, వేటముగించి ఒడ్డుకు లాగిన పడవలు తప్ప నేడు దుగరాజపట్నంలో చూపరులను ఆకర్షించేవి ఎక్కువ లేవు. కాని 1626లో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పింది. తమకు సహాయపడిన స్థానికుడు ఆరుముగ ముదలియారు పేరు మీద దీనిని ఆర్మగాం అని పిలుచుకొంది. రెండేండ్లలో కొద్దిపాటి కోట కట్టి, ఫిరంగులు అమర్చింది. కోరమండల తీరంలో ఆంగ్లేయులు కట్టిన తొలి కోట ఇదే. తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఇసుక మేట ఓడలకు కొంత చాటునిచ్చేది. అయితే ఓడలు నిలిచినంత మాత్రాన వర్తకం నిలవదు. వారు కోరిన నాణ్యతగల వస్త్రాలు చవకగా, చాలినన్ని ఇక్కడ దొరకలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెదకుతూ పోయి, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని నుండి మద్రాసు తీరంలో స్థలం పొందాడు. నాయకుడు చంద్రగిరి రాజుకు సామంతుడు. మద్రాసు మహానగరమైంది, దుగరాజపట్నం పల్లెగా మిగిలింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం ఇక్కడ పెద్ద ఓడరేవు నిర్మించాలని, తొలిదశ 2018 నాటికి పూర్తి కావాలని పేర్కొంది. ఆ గడువు గడిచిపోయింది గాని రేవు రాలేదు.

సరస్సు దక్షిణపు కొనలో, తమిళనాడులో పళవేర్కాడు అనే పులికాటు పట్టణం ఉంది. ఆరవీటి వంశపు రెండవ వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం తెరిచారు. రెండేండ్లకే పోర్చుగీసువారు దానిని ధ్వంసం చేశారు. దానితో 1613లో డచ్చివారు గెల్డ్రియా కోటను నిర్మించారు. తమ దేశంలోని గెల్డర్‌లాండ్ రాష్ట్రం పేరే దానికి పెట్టారు. ఇక్కడి నేత, అద్దకపు వస్త్రాలను తూర్పుదీవులకు తీసుకొనిపోయి, వాటికి బదులు లవంగాలు, జాజికాయలు పొందడం వారి వర్తకంలోని రహస్యం. ఆ దీవుల ప్రజలు వెండికంటె ఈ బట్టలనే ఎక్కువగా కోరేవారు. కోటలో తుపాకిమందు కూడా తయారయ్యేది. ఈ రేవు నుండి బట్టలు మాత్రమే ఓడ ఎక్కలేదు. పదిహేడవ శతాబ్దంలో కరువుకాటుకు గురై తమను, తమ బిడ్డలను అమ్ముకొన్న వేలాదిమందిని బానిసలుగా బటావియాకు తరలించారు. వారు ఎక్కడ మరణించారో తెలిపే రాయి ఒక్కటీ లేదు. వర్తకుల సమాధులు మాత్రం చెక్కడాలతో నిలిచి ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ శ్మశానవాటిక ద్వారానికి ఇరువైపులా అస్థిపంజరాల శిల్పాలు కనిపిస్తాయి. కోట మాత్రం ముళ్లపొదలు కప్పిన దిబ్బగా, కందకంతో మిగిలింది. 1690లో డచ్చివారు తమ కేంద్రాన్ని నాగపట్నానికి మార్చారు. 1825లో పులికాటు పూర్తిగా ఆంగ్లేయుల వశమైంది.

ఈ తీరపు రేవులన్నింటికీ ఒక సమస్య ఉండేది. పెద్ద ఓడలు ఒడ్డుకు చేరలేవు. అవి సముద్రంలో లంగరు వేసి నిలిస్తే, చిన్న పడవలు అలలకు ఎదురీది సరకు మోసేవి. సరస్సుకు, సముద్రానికి నడుమ ఉన్న ముఖద్వారంలో ఇసుక పేరుకొంటే ఆ పడవలకు కూడా దారి మూసుకొనిపోయేది. నేటి జాలరులను వేధిస్తున్న సమస్య కూడా ఇదే. ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఆరణియారు, కాళంగి వరద నీరు మోసుకొని వచ్చి సరస్సును నింపుతాయి. ఆ వరద ఉధృతి ముఖద్వారపు ఇసుకను సముద్రంలోకి నెడుతుంది. వర్షాలు తగ్గి, వాగుల నీరు పైననే నిలిచిపోతే ఆ ఉధృతి ఉండదు. తీరం వెంట కదిలే ఇసుకను అలలు తెచ్చి పోస్తూనే ఉంటాయి. ద్వారం మూసుకొనిపోతే సముద్రపు పోటు లోపలికి రాదు. రొయ్యపిల్లలు, చేపపిల్లలు సరస్సులోకి చేరవు. వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం పెరిగిపోతుంది. మేత తగ్గితే ఫ్లెమింగోలు మరొక చోటు వెదకుకొంటాయి. వలవేసేవానికి ఆ వీలు లేదు.

వాకాడు మండలంలోని రాయదొరువు వద్ద గల ముఖద్వారంలో పూడిక తీయించాలని జాలరులు ఏండ్ల తరబడి కోరుతున్నారు. తీసిన పూడిక ఒక్క తుఫానుకు తిరిగి నిండవచ్చునని వారికి తెలియనిది కాదు. అయినా వేటకాలం సమీపించగానే వారు మొదట చూసేది ఆ ద్వారంలో నీరు ఆడుతున్నదా, లేదా అని.