గీకేది బామ్మర్ది, కట్టేది బావ

“బావా, ఒక్కసారి నీ కార్డు గీకు. నెలనెలా నేనే కడ్త.”

పోయిన దసరాకు అత్తగారి ఊరు డోర్నకల్‌లో, ఫోన్ల షాపు కౌంటర్ ముందు మా బామ్మర్ది అన్న మాట. షాపతను అప్పటికే మిషన్ నా ముందుకు జరిపాడు. ఫోన్ 24,000, పన్నెండు వాయిదాలు. పక్కనే అత్తమ్మ. కాదంటే బాగుండదని గీకాను.

నాలుగు నెలలు డబ్బు ఠంచనుగా వచ్చింది. ఐదో నెల “మిర్చి అమ్మినంక ఇస్త” అన్నాడు. మిర్చి ధర పడిపోయింది. బ్యాంకుకు మిర్చితో పనేముంది? మిగిలిన ఎనిమిది వాయిదాలూ నేనే కట్టాను. కట్టకపోతే చాలా కార్డులకు వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయలు, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. షావుకారు రెండు రూపాయలంటేనే తిట్టుకుంటాం! మినిమం డ్యూ కడితే లేటు ఫీజు తప్పుతుందంతే, వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

పదివేలు అప్పిస్తే ప్రామిసరీ నోటు రాయించి, రెవెన్యూ స్టాంపు అంటించి, సాక్షిని కూడా పిలుస్తాం. కార్డును మాత్రం నోటిమాటకే తీసిస్తాం. జేబులోంచి నోట్లు కదలవు కదా, ఇచ్చినట్టే అనిపించదు.

ఇంట్లోవాళ్లకు తీసే యాడ్-ఆన్ కార్డూ ఇదే బాపతు. కార్డు మీద పేరు కొడుకుది, బాకీ మీది. రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది. తీసుకోవద్దనను, దానికి విడిగా లిమిట్ పెట్టించండి. అక్కర్లేని కార్డును మూయమని అడిగాక, బాకీ లేకపోయినా ఏడు పనిదినాల్లో మూయకుంటే బ్యాంకే మీకు రోజుకు 500 ఇవ్వాలి. ఇది చాలామంది అడగరు.

తండ్రి బాకీ కొడుకు నెత్తిన అన్నది పాత మాట. 2005 హిందూ వారసత్వ సవరణతో ఆ బరువు దిగింది. ఆయన వదిలిన ఆస్తి మేరకే వసూలు, కొడుకు జీతం జోలికి రాకూడదు. జమానతు సంతకం పెట్టారా, కథ వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడు ఎంతకు బాధ్యుడో మీరూ అంతకే. ‘ఊరికే సాక్షిలెక్క’ అని ఎవరన్నా చెబితే కాగితం చదివాకే పెన్ను తీయండి.

ఇక కాదనడం. కారణం చెప్పారో చిక్కారు. “లిమిట్ అయిపోయింది” అంటే “అయితే వచ్చే నెల” అంటారు. “నాకు సిబిల్ బాలేదు, నీ పేర తీస్కుందాం” అంటే మరీ జాగ్రత్త. ఆ బాగాలేకపోవడానికి కారణమేదో ఉండే ఉంటుంది. నేను నేర్చుకున్న మాట ఒకటే: “కార్డు ఎవ్వరికీ ఇయ్య. ఐదువేలు చేతిల పెడ్త, మళ్ల అడగ.” పోతే ఐదువేలే పోతాయి.

ఈ దసరాకు వాడు మళ్లీ వచ్చాడు, బైకు డౌన్‌పేమెంటుకట. ఆ మాటే చెప్పాను. అత్తమ్మ రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడోనాడు నాటుకోడి కోసి, మొదటి ముక్క నా పళ్లెంలోనే వేసింది.