పెద్ద నంబర్ ఉంటే ఎక్కువ కాలం ఉంటుందా?

మా తాతయ్య రాసిన వ్యాసాల పుస్తకం ఇంట్లో ఒక్క కాపీయే మిగిలింది. అందులోంచి ఒక వ్యాసం మన ఈ-మ్యాగజైన్‌కి ఇద్దామని, అప్పట్లో దాన్ని టైప్ చేసిన తార్నాకలోని డీటీపీ షాపుకి వెళ్లాను. అదృష్టం కొద్దీ ఫైల్ ఉంది. కానీ అది విండోస్ ఎక్స్‌పీ మీద నడుస్తున్న ఒక పాత కంప్యూటర్‌లో ఉంది.

"ఇంకా ఎక్స్‌పీనేనా అంకుల్?" అని అడిగా.

"కొత్తది వేస్తే ఈ ఫైళ్లు తెరుచుకోవు బాబు. అందుకే దీనికి నెట్ కూడా పెట్టలే" అన్నారు.

మ్యాటర్ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. క్యాంపస్‌కి వచ్చి నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులే. సీఎస్ఈ చదువుతున్నా గానీ, వెర్షన్లు, సపోర్ట్ గురించి సీరియస్‌గా ఆలోచించింది ఆ రోజే. నాకు అర్థమైనంత మీకూ చెప్తాను.

నంబర్‌ని ఎలా చదవాలి?

వెర్షన్ నంబర్ దశాంశ సంఖ్య కాదు. 1.9 తర్వాత వచ్చేది 1.10. చుక్కల మధ్య ఒక్కో గది విడిగా లెక్క. చాలా సాఫ్ట్‌వేర్లు పాటించే 'సెమాంటిక్ వెర్షనింగ్' పద్ధతిలో మూడు గదులుంటాయి. మొదటిది మారితే, పాత పద్ధతిలో రాసినవి పనిచేయకపోవచ్చు. రెండోది మారితే కొత్త సదుపాయాలు వచ్చాయి, పాతవీ పనిచేస్తాయి. మూడోది మారితే తప్పులు మాత్రమే సరిచేశారు.

మొదటి గదికి మనకి తెలిసిన ఉదాహరణ పైథాన్. ఈ మూడు గదుల నియమాన్ని అది అచ్చంగా పాటించదు గానీ, 2008 డిసెంబర్‌లో 3.0 వచ్చినప్పుడు జరిగింది ఇదే. బ్రాకెట్లు లేకుండా రాసిన పాత ప్రింట్ లైన్లు కొత్తదాంట్లో ఎర్రర్ ఇచ్చాయి. అందరూ మారడానికి టైమ్ పట్టింది కాబట్టి పైథాన్ 2కి 2020 జనవరి 1 దాకా సపోర్ట్ కొనసాగించారు.

మూడో గదికి ఉదాహరణ మన తెలుగులోనే ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' ఐఫోన్లని క్రాష్ చేసింది, గుర్తుందా? మామూలుగా టైప్ చేసే 'జ్ఞా' కాదది. జ, పొల్లు, ఞ తర్వాత 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కనిపించని కోడ్, ఆ తర్వాత దీర్ఘం ఉన్న వరస. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూసుకుపోయేది. ఐఓఎస్ 11.3 బీటాలో ఆ లోపాన్ని అప్పటికే సరిచేశారు. కానీ 11.3 పూర్తయ్యేదాకా జనాన్ని ఆగమనలేరు కదా? అందుకే ఫిబ్రవరి 19న ఆ రిపేర్‌తో 11.2.6 వదిలారు. 11.3 వచ్చింది మార్చి 29న. చివరి గదిలో 5 పోయి 6 రావడం వెనక అంత కథ ఉంది.

ఎల్టీఎస్ అంటే?

లాంగ్ టర్మ్ సపోర్ట్. ఉబుంటులో నంబర్ అర్థమే వేరు. ముందున్నది సంవత్సరం, తర్వాతది నెల. 24.04 అంటే 2024 ఏప్రిల్, 24.10 అంటే అదే ఏడాది అక్టోబర్. మరి ల్యాప్‌టాప్‌లో ఏది వేసుకోవాలి? నేనైతే పెద్ద నంబరే మంచిదనుకున్నా. కానీ 24.10కి ఇచ్చింది 9 నెలల సపోర్టే. 2025 జులైలో అయిపోయింది. 24.04 ఎల్టీఎస్‌కి మాత్రం 5 ఏళ్లు, అంటే 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. తర్వాత పుట్టినది ముందే వెళ్లిపోయింది!

సపోర్ట్ అయిపోతే కంప్యూటర్ ఆగిపోదు. కొత్తగా బయటపడే లోపాల్ని సరిచేసేవాళ్లు ఉండరు, అంతే. ఎక్స్‌పీ వచ్చింది 2001లో, సపోర్ట్ ముగిసింది 2014 ఏప్రిల్ 8న. అంటే నెట్ పెట్టకపోవడంలో షాపు అంకుల్ కరెక్టే.

మరి తాతయ్య వ్యాసం?

ఆ ఫైల్‌లో తెలుగు కోడ్‌లు అసలు లేవు. యూనికోడ్ కాని పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తొడుగుతాయి. ఫాంట్ తీసేస్తే లోపలున్న ఇంగ్లిష్ బయటపడుతుంది.

యూనికోడ్‌కీ వెర్షన్లున్నాయి. 1991లో 1.0 నుంచే తెలుగు ఉంది. 2008లో 5.1తో ౘ, ౙ చేరాయి. 2021లో 14.0తో నకారపొల్లుకి సొంత కోడ్ వచ్చింది. అయితే 2.0 నుంచి ఒక గట్టి నియమం పెట్టుకున్నారు: ఒకసారి ఇచ్చిన కోడ్‌ని తీసేయరు, ఇంకో చోటికి మార్చరు. కొత్తవి చేరుస్తారంతే. దీనికి ముగింపు తేదీ లేదు. నాకు తెలిసిన ఎల్టీఎస్‌లలో ఇదే పెద్దది.

కాబట్టి ఫ్రెండ్స్, ఏదైనా ఇన్‌స్టాల్ చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఏ గది మారింది? సపోర్ట్ ఏ తేదీ దాకా? ఈ సాఫ్ట్‌వేర్ పోయినా నా ఫైల్ ఇంకోదాంట్లో తెరుచుకుంటుందా? మూడోది మనం ఎక్కువగా మర్చిపోతాం.

తాతయ్య మ్యాటర్‌ని ఒక కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాను. ఒత్తులు కొన్ని చోట్ల తారుమారయ్యాయి. పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ సరిచూస్తున్నా. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి కదా, స్పీడ్ తక్కువ. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. తాతయ్య రాసింది ఇంత ఆగి చదవడం నాకు ఇదే మొదటిసారి. వచ్చే సంచికకి ఒక వ్యాసం ఇస్తాను. మీ ఇళ్లలో కూడా ఇలాంటి పాత ఫైళ్లుంటే, వాటిని తెరిచే కంప్యూటర్ ఇంకా పనిచేస్తుండగానే బయటికి తీయండి.