పగలు సైటు - రాత్రి క్లాసు
(పని చేస్తూ సివిల్ డిగ్రీ చదివిన మా అనుభవం)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. కథలు, కవితలు మాకు రావు. మాకు తెలిసింది సిమెంటు, ఇసుక, కంకర. అందుకే వాటి గురించి, వాటి మధ్య సాగిన మా చదువు గురించి రాస్తున్నాము.

పాలమూరు కూలీలు చేయి వేయని ప్రాజెక్టు లేదని పెద్దలు అంటారు. మా ముగ్గురి ఇళ్ళలోనూ అదే సంగతి. అమ్మానాన్నలు మేస్త్రి వెంట వలస పోతే, మేము ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసయ్యాము. తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ సివిల్ డిప్లొమా చేశాము. ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చని తెలుసు. కాని ఇంట్లో అప్పు ఆగదు, చెల్లె పెళ్ళి ఆగదు. 2008లో హైదరాబాదులో సైట్ సూపర్‌వైజర్లుగా చేరిపోయాము. డిగ్రీ లేకపోతే ఎన్నేళ్ళయినా అదే మెట్టు మీద ఉంటామని రెండేళ్ళకు అర్థమైంది.

ముందు చూడవలసింది గుర్తింపు

2010లో మాలో ఇద్దరం ఒక కాలేజీలో సాయంత్రం నడిచే పార్ట్‌టైమ్ డిగ్రీలో చేరాము. మూడోవాడికి సైటు ఊరికి దూరం. "క్లాసులకు రానక్కరలేదు, పుస్తకాలు ఇంటికే వస్తాయి" అన్న మాట నమ్మి దూరవిద్యలో బి.టెక్. కట్టాడు. నాలుగేళ్ళకు సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగానికి పెట్టుకుంటే అది చెల్లదన్నారు. అమ్మ కూలి డబ్బులు కూడా అందులో ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి వాడికి ఆరు నెలలు పట్టింది.

అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. కాబట్టి ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో ఇస్తామని ఎవరన్నా నమ్మవద్దు.

ఏఎంఐఈ పరీక్షల సంగతి కూడా పెద్దవాళ్ళు చెబుతుంటారు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపే ఆ పరీక్షలు రాసి ఎంతోమంది ఉద్యోగులు ఇంజనీర్లయ్యారు. అయితే 2013 మే 31 వరకు నమోదైన వారికే దాన్ని డిగ్రీతో సమానంగా చూస్తామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఇప్పుడు చేరేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మరి ఇప్పుడు దారి ఏమిటి? పని చేసేవారికి వీలైన వేళల్లో డిగ్రీ క్లాసులు నడుపుకోవడానికి ఏఐసీటీఈ 2023-24 నుండి కాలేజీలకు అనుమతిస్తోంది. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉందా అని మూడూ విడివిడిగా చూడండి. నోటి మాట కాదు, కాగితం అడగండి. మా మూడోవాడు అలా చూసుకునే మళ్ళీ చేరాడు. ఈ వ్యాసం రాయాలని మాలో ఎక్కువ పట్టుబట్టింది వాడే.

సైటే మన ప్రయోగశాల

పగలంతా పని చేసి రాత్రి ఏం చదువుతారని చాలామంది అడుగుతారు. పగలు చూసిందే రాత్రి చదివాము. ఒక ఉదాహరణ చెబుతాము.

మేస్త్రికి కడ్డీ బరువు లెక్క నోటికి వచ్చు. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. కడ్డీకి 144ను 162తో భాగిస్తే సుమారు 0.89 కిలోలు. ఈ 162 ఎక్కడిది? ఘనమీటరు ఉక్కు బరువు 7,850 కిలోలు. దానిని బట్టి 1 మి.మీ. వ్యాసం, 1 మీటరు పొడవు ఉన్న కడ్డీ బరువు లెక్క కట్టండి. కిలోలో సుమారు 162వ వంతు వస్తుంది. మేస్త్రి లెక్క, పుస్తకం లెక్క ఒకటే. ఆయనకు జవాబు తెలుసు, మనకు కారణం తెలియాలి.

నీళ్ళ సంగతీ అంతే. మాల్ సులువుగా జారాలని పనివాళ్ళు నీళ్ళు ఎక్కువ పోస్తారు. ఎం20 ఆర్.సి.సి.కి మామూలు పరిస్థితుల్లో సిమెంటు బరువులో 0.55 వంతుకు మించి నీళ్ళు ఉండరాదని ఐ.ఎస్. 456 చెబుతుంది. అంటే 50 కిలోల బస్తాకు 27.5 లీటర్లు. ఇసుకలో తడి ఉంటే అదీ ఇందులో లెక్కే. ఎక్కువైన నీరు ఆరిపోయి సన్నని ఖాళీలు మిగులుతాయి, బలం తగ్గుతుంది.

మరచిపోలేని శ్లాబు

ఒక రాత్రి క్లాసులో సారు కాంటిలీవర్ పాఠం చెప్పారు. ఒకవైపే ఆధారం ఉన్న శ్లాబు మీద బరువు పడితే కొస కిందికి వంగుతుంది. అప్పుడు పైభాగం సాగుతుంది, కింది భాగం నొక్కుకుంటుంది. కాంక్రీటు నొక్కుడును తట్టుకుంటుంది కాని, సాగుడును తట్టుకోలేదు. అందుకే ముఖ్యమైన ఇనుము పైభాగంలో ఉండాలి.

మర్నాడు ఉదయం మేమిద్దరం పని చేసే సైటులో బాల్కనీ శ్లాబు. డ్రాయింగులో ఉన్నట్టు ఇనుము పైనే కట్టారు. కాని దాన్ని ఎత్తిపట్టే కుర్చీలు పెట్టలేదు. మనుషులు దాని మీద నడిచేసరికి ఇనుమంతా సెంట్రింగు పలకల మీదికి దిగిపోయింది. మాల్ పోశాక అది ఎవరికీ కనబడదు. పని ఆపమన్నాము. మేస్త్రికి కోపం వచ్చింది.

"ఇరవై ఏండ్ల సంది శ్లాబులు ఏస్తున్న తమ్మీ. ఒక్కటన్న పడ్డదా?" అన్నాడు.

పుస్తకం తీస్తే వినడు. ఒక పచ్చి వేపపుల్ల తెచ్చాము. ఒక కొస గట్టిగా పట్టుకుని, రెండో కొస కిందికి వంచాము. పైన బెరడు చీలింది.

"గీ చీలే కాడ ఇనుము ఉండాలె అన్నా" అన్నాము.

ఆయన పుల్ల చేతిలోకి తీసుకుని తాను కూడా వంచి చూశాడు. తర్వాత మాతో ఏమీ అనలేదు. పనివాళ్ళ వైపు తిరిగి, "కుర్చీలు కట్టండ్రా" అన్నాడు. రెండు గంటలు ఆలస్యమైందని కాంట్రాక్టరు చేత తిట్లు తిన్నాము. కాని ఈరోజు ఆ బాల్కనీలో పిల్లలు ఆడుకుంటున్నారు. డిగ్రీ సర్టిఫికెట్ కన్నా ముందే మాకు డిగ్రీ వచ్చింది ఆ రోజే అనుకుంటాము.

మేము పాటించినవి

1. లెక్కలు ముందు. డిప్లొమా నుండి వెళ్ళినవారికి గణితమే గండం. మాలో ఒకరికి అది రెండుసార్లు తప్పింది. ఇంటర్ గణితం పుస్తకాలు తెచ్చుకుని మళ్ళీ మొదటి నుండి చేశాకే గట్టెక్కాము.

2. జేబులో చిన్న డైరీ. రోజుకు ఒక్క సందేహం రాసుకుని రాత్రి సారును అడిగేవాళ్ళము.

3. పరీక్ష తేదీలు రాగానే సైటులో చెప్పేవాళ్ళము. శ్లాబు రోజు ఒకరం సైటులో ఉంటే, మరొకరం క్లాసుకు వెళ్ళి ఇద్దరికీ నోట్సు రాసేవాళ్ళము. జత లేకుండా ఈ చదువు కష్టం.

4. పని చేసినట్టు అనుభవ ధ్రువపత్రం ఎప్పటికప్పుడు తీసుకోవాలి. సైటు మారాక అడిగితే తిప్పుతారు.

చివరిగా ఒక మాట. మీకు ఈసెట్‌లో ర్యాంకు వచ్చి, ఇల్లు కొంచెం ఆగగలిగితే, రెగ్యులర్‌గానే చదవండి. నిద్ర చాలక బస్సులో దిగవలసిన స్టాపు దాటిపోయిన రాత్రులు మీకు రావద్దు. ఆగలేని ఇల్లయితే మాత్రం, చదువు అయిపోయిందని పుస్తకాలు కట్టిపెట్టవద్దు.

మన హాస్టల్ కిటికీల మీది సన్‌షేడ్ కూడా కాంటిలీవరే. వానకు దాని కింద నిలబడినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. అందులో ఇనుము ఎక్కడ ఉండాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు