బండమీద బండ

సంఘ పెద్దయైన యొక వృద్ధునికి ఊపిరితిత్తుల పరీక్ష చేయించుటకై గత మాసమున హైదరాబాదు పోయితిమి. వెంగళరావు నగరులో మన యూరివారి యింట బస. ఫలితము మరునాడు తెలియుననిరి. ఊరక కూర్చుండనేల యని తెల్లవారగానే జూబిలీ హిల్సు చెంతనున్న కాసు బ్రహ్మానందరెడ్డి వనమునకు వెళ్లితిమి. 1998లో జాతీయ వనముగా ప్రకటింపబడిన యీ స్థలము సుమారు 390 ఎకరములు. చుట్టును మోటారుల రొద. లోపల నెమళ్ల కేకలు.

బాట మెల్లగా మిట్టకెక్కును. మన కొండల ముందర ఇదియొక కొండయా యని మేము నవ్వితిమి గాని, నూరడుగులు నడువకముందే పెద్దయ్యకు ఆయాసము వచ్చెను. ఒక బండపై కూర్చుంటిమి. ప్రక్కనే ఒక పెద్ద గుండు, ఇప్పుడో అప్పుడో దొర్లునట్లు, పిడికెడు ఆధారముమీద నిలిచియున్నది.

“జలప్రళయము మోసికొనివచ్చి పెట్టినది” అంటిమి. ఇరువది యేండ్లుగా ప్రసంగములలో మేము చెప్పుచున్న మాటయే అది.

ముప్పదియైదేండ్లు రాళ్లు కొట్టిన ఆయన తల అడ్డముగా ఊపెను. “ఎవరూ తెచ్చి పెట్టలేదు అయ్యగారూ. కిందిదీ పైదీ ఒకటే రాయి. పలుకు చూడండి. మధ్యలో నెర్రె ఉండేది. నెర్రెలో నీళ్లు దిగి రాయి మెత్తబడి మన్నైంది. మన్ను వానలకు పోయింది, గట్టిది మిగిలింది.”

భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఇదియే. ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూమిలోపల కరిగిన పదార్థము చల్లారగా ఏర్పడినది. పైపొరలు అరిగిపోగా బయటపడినది. మా ప్రసంగములోని ఆ మాటను నాటితో విడిచితిమి.

యెషయా 51వ అధ్యాయము మొదటి రెండు వచనములు చదువుడి. మీ పుట్టుక యే రాతిలోనిదో చూచుకొనుడని హెచ్చరించుచు ప్రవక్త అబ్రాహాము శారాల పేర్లెత్తెను. ఆ భాగము చదువునపుడు మనము బండను తలంతుము. చెక్కువాని చేతిని, ఆ చేతివెంట లేచు దుమ్మును తలంపము. మన ప్రార్థనాలయపు గోడరాళ్లు ఈ పెద్దయ్య కొట్టినవే. మేము గొడుగు పట్టుకొని దగ్గర నిలిచి తొందరపెట్టితిమి. ముక్కునకు గుడ్డయైనను కట్టుకొమ్మని అనలేదు.

రాతిదుమ్ము ఊపిరితిత్తులలో మచ్చలు కట్టినదనియు, మచ్చలు కట్టినచోట అవి పూర్వమువలె కావనియు మరునాడు వైద్యుడు చెప్పెను. ఇట్టివారికి క్షయ సోకుటయు సులభమట. గుడ్డ ఒక్కటి చాలదు. రాతిని తడిపి కొట్టవలెను, డ్రిల్లు వేయునపుడు నీరు పారవలెను, తగిన ముసుగు ధరింపవలెను. క్వారీలకు పోవు మన పిల్లలకు ఈ సంగతి చదివి వినిపించుడి. దగ్గు విడువనివారు రొమ్ముఫోటో తీయించుకొనవలెను.

ఆ ఉదయము మేము మిట్ట కొన చేరలేదు. “మీరు పోయి చూసి రండి అయ్యగారూ” అని పెద్దయ్య అనెను గాని పోలేదు. ఆయన లేచి గుండును వ్రేళ్లతో తట్టి, చెవి యొగ్గి విని, “మంచి రాయి. లోపల నెర్రె లేదు” అనెను.