వేసవిలో నిలిపియుంచిన ట్రాక్టరు బ్యాటరీ సంరక్షణ

తొలకరి వాన కురిసి, నేల పదునెక్కిన నాడు ట్రాక్టరు కదలకున్న రైతునకు కలుగు నష్టము ఇంతింత కాదు. దుక్కికి వచ్చిన పదును మనకొరకు ఆగదు. తిరువూరు ప్రాంతమున వరి, పత్తి, మిరప పనులు ముగిసిన పిమ్మట కొన్ని ట్రాక్టర్లు వారాల తరబడి పనిలేక నిలిచియుండును. తీరా అవసరము వచ్చినపుడు ఇంజను బాగున్నను, బ్యాటరీ దిగిపోయినందున స్టార్టు కాదు.

బ్యాటరీ ఏల దిగిపోవును?

తీగలు తగిలించకపోయినను సీసపు పలకల బ్యాటరీ తనంతట తానే కొంత శక్తిని కోల్పోవుచుండును. వేడిమి 10 డిగ్రీలు పెరిగిన ఈ నష్టము సుమారు రెట్టింపగును. చలిదేశములలో బండ్లను శీతకాలమున నిలుపుదురు. అచట దిగిపోయిన బ్యాటరీ గడ్డకట్టి పగులు భయము కలదు. మనకు ఎండయే శత్రువు.

రెండవ కారణము, తెలియకుండ జరుగు వాడకము. 5 వాట్ల చిన్న దీపము ఆర్పక మరచిన, 12 వోల్టుల బ్యాటరీ నుండి రోజునకు 10 ఆంపియర్ గంటల విద్యుత్తు పోవును. ఆ లెక్కన 88 ఆంపియర్ గంటల బ్యాటరీ 9 రోజులకే ఖాళీ యగును.

దిగిపోయిన బ్యాటరీని అట్లే వదలిన పలకలపై సల్ఫేటు గట్టిపడును. తరువాత ఎంత చార్జి చేసినను పూర్వపు బలము రాదు.

చేయవలసిన పనులు

1. ట్రాక్టరును నిలుపుటకు ముందే బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించవలెను.

2. ముందుగా నెగటివ్ తీగను, తరువాత పాజిటివ్ తీగను విప్పవలెను. పాజిటివ్ ముందు విప్పునపుడు స్పానరు ఇనుప భాగమునకు తగిలిన నిప్పురవ్వలు లేచును. తిరిగి బిగించునపుడు నెగటివ్ తీగను చివర బిగించవలెను.

3. టెర్మినల్స్‌పై పట్టిన తెల్లని చిలుమును వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిమ్మట వాజెలీను పూయవలెను. సోడా నీరు బ్యాటరీ లోపలికి పోరాదు.

4. మూతలు గల బ్యాటరీలో ఆమ్లజలము తగ్గిన డిస్టిల్డ్ వాటరు మాత్రమే గుర్తు వరకు పోయవలెను. బోరు నీరు గాని, ఆసిడ్ గాని పోయరాదు. పూర్తిగా మూసియున్న బ్యాటరీలను తెరువరాదు.

5. బ్యాటరీని నీడపట్టున, గాలి ఆడుచోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

6. నెలకొకసారి వోల్టుమీటరుతో పరీక్షించవలెను. 12.6 వోల్టులకు పైన చూపిన నిండుగా నున్నట్లు. 12.4 లేక అంతకు తగ్గిన మరల చార్జి చేయించవలెను. 88 ఆంపియర్ గంటల బ్యాటరీకి సుమారు 8 ఆంపియర్ల చార్జింగు తగును.

హెచ్చరిక

చార్జి అగునపుడు మండు స్వభావము గల హైడ్రోజన్ వాయువు వెలువడును. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. ఆసిడ్ కంటబడిన వెంటనే శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను.

అప్పుడప్పుడు ఐదు నిమిషములు ఇంజను నడిపిన చాలునని కొందరు తలంతురు. స్టార్టు చేయుటకు ఖర్చయిన శక్తియే ఆ కొద్దిసేపటిలో పూర్తిగా తిరిగి రాకపోవచ్చును. కావున రైతు సోదరులు తీగ విప్పి, నెలకొకసారి చార్జి చూచుకొనిన, తొలకరి నాడు తాళము త్రిప్పగనే ట్రాక్టరు పొలమునకు కదలును.